ఆసు పోసిన చేతికి పాఠం చెప్పే కొలువు ఇవ్వండి

చేనేత సంఘాల సభ్యులకు, చేనేత విద్యాసంస్థల అధ్యాపకులకు, విద్యార్థులకు విన్నపం.

పోచంపల్లి చీర మగ్గమెక్కే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో నిలిపిన మేకుల చుట్టూ పేక నూలును పోగు పోగుగా తిప్పాలి. ఒక్క చీరకే చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. గంటల తరబడి సాగే ఈ పని తరతరాలుగా ఇంటి ఆడవాళ్లది. భుజాలు పడిపోయినా అది జబ్బు లెక్కలోకి రాలేదు. కూలి లెక్కలోకి అసలే రాలేదు.

ఆ నొప్పిని లెక్కలోకి తెచ్చినవాడు ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం. బడి చదువు మధ్యలోనే ఆపేసిన నేతకారుడు. తల్లి లక్ష్మి ఆసు పోస్తూ పడే బాధ చూసి, ఏళ్లపాటు కిందామీదా పడి 1999లో ఆసు యంత్రం తయారు చేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

మరి ఇన్ని దశాబ్దాలు మన జౌళి ఇంజనీర్లు ఏం చేశారు? వాళ్లకు తెలివి తక్కువై కాదు. ఏది సమస్యో, ఏది కాదో వాళ్ల చదువే ముందుగా తేల్చేసింది. మిల్లు, వేగం, ఉత్పత్తి సిలబస్‌లోకి వచ్చాయి. వసారాలో కూలి లేకుండా సాగే ఆడవాళ్ల చాకిరీ రాలేదు. నేత ఇళ్లు మాత్రం తక్కువ తిన్నాయా? ‘ఆడవాళ్ల పనే కదా’ అని మనమూ సరిపెట్టుకున్నాం. చదువుకున్నవాళ్ల చూపుకూ, చదువులేనివాళ్ల చూపుకూ గంతలు కట్టింది ఒకే సమాజం.

అందుకే అడుగుతున్నాం. వెంకటగిరిలో ప్రగడ కోటయ్య పేరిట, హైదరాబాద్‌లో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరిట చేనేత సాంకేతిక విద్యాసంస్థలున్నాయి. నేతన్నల కోసం పోరాడిన నాయకుల పేర్లవి. అక్కడ పాఠం చెప్పేవాళ్లలో మగ్గం మీద బతికినవాళ్లు, ముఖ్యంగా ఆసు పోసి, చిటికి కట్టిన ఆడవాళ్లు ఉండాలి. ఏడాదికోసారి పిలిచి చూపించే ప్రదర్శన కాదు, నెల జీతంతో కొలువు కావాలి. ప్రశ్నపత్రం తయారీలో, మార్కులు వేయడంలో వాళ్ల మాట చెల్లాలి. ప్రతి విద్యార్థీ ఒక సెమిస్టరు నేత ఇంట్లో పని నేర్చుకోవాలి. నేర్పిన ఇంటికి సంస్థే డబ్బు కట్టాలి.

డిగ్రీ లేనివాళ్లు రంగుల రసాయనం ఎలా చెబుతారని అడుగుతారు. రసాయనం మాస్టారే చెప్పనివ్వండి, ఆయన పక్కన ఆసు పోసిన ఆమె కూడా నిలబడాలంటున్నాం. అనుభవజ్ఞులకు డిగ్రీ తప్పనిసరి కాదంటూ యూజీసీ 2022లోనే ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ పేరిట విశ్వవిద్యాలయాల్లో దారి తెరిచింది. చేనేత సంస్థలకు అలాంటి నిబంధన రాయడం అసాధ్యమేమీ కాదు.

ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం. ఎప్పటిలాగే శాలువాలు కప్పుతారు, నేసినవాళ్లకే నేసిన బట్ట! ఈసారి ఆ తేదీకి ముందే ప్రతి సహకార సంఘం ఈ కోరికలపై తీర్మానం చేసి, ఆసు పోసే మహిళల సంతకాలు మొదట పెట్టించి, కేంద్ర జౌళి శాఖకూ రెండు తెలుగు రాష్ట్రాల చేనేత శాఖలకూ పంపాలి.