పులిజూదానికి ఇద్దరు కావాలి

మతిమరుపు రాకుండా ముందుగానే వేసుకోదగిన మాత్ర ఏదైనా ఉన్నదా అని అరవై దాటిన మిత్రులు నన్ను తరచుగా అడుగుతుంటారు. అటువంటి మాత్ర ఇంతవరకు లేదు. ఆ పేరుతో అమ్మే సీసాలకు డబ్బు తగలేయవద్దని చెప్పి, మీరు చివరిసారి పులిజూదం ఎప్పుడు ఆడారని తిరిగి అడుగుతాను. చాలామంది నవ్వుతారు. నేను నవ్వులాటకు అడగడం లేదు.

నెల్లూరు తీరంలోని పెద్దలకు ఈ ఆటను పరిచయం చేయనవసరం లేదు. చిన్నవారి కోసం చెబుతాను. త్రిభుజాకారపు పటం, అందులో గీతలు కలిసే 23 స్థానాలు. ఒకరివి 3 పులులు, మరొకరివి 15 మేకలు. పులి తన పక్కనున్న మేక మీదుగా నేరుగా ఖాళీ స్థానంలోకి దూకి దానిని తినేస్తుంది. మేకకు దూకే శక్తి లేదు. అయితే వెనుక మరో మేక కాపుగా ఉన్న మేకను పులి ఏమీ చేయలేదు. మేకలను ఒక్కొక్కటిగా దించాలి; పదిహేనూ దిగేవరకు ఏ మేకా కదలరాదు. మందగా కూడి పులులను కదలనీయకుండా బంధించడమే వాటి గెలుపు. బలవంతులైన కొద్దిమందికీ బలహీనులైన పెక్కుమందికీ మధ్య జరిగే యుద్ధమిది.

పాశ్చాత్య దేశాలలో పెద్దవారు సైతం బల్లపై బుల్లి సైనికుల బొమ్మలను మోహరించి యుద్ధపుటాటలు ఆడుతారు. 1824లో ప్రష్యా సైన్యం తన అధికారుల శిక్షణకు అటువంటి ఆటను చేపట్టింది. 1913లో హెచ్.జి. వెల్స్ అనే ఆంగ్ల రచయిత ‘లిటిల్ వార్స్’ పుస్తకంలో ఇంట్లో బొమ్మ సైనికులతో ఆడుకునేందుకు నియమాలు రాశాడు. మరుసటి సంవత్సరమే అసలు ప్రపంచ యుద్ధం వచ్చిపడింది, అది వేరే సంగతి. ఆ బొమ్మలకు వారు ధారాళంగా ఖర్చు పెడతారు. మనకు గుప్పెడు గవ్వలు, చింతగింజలు, ఒక సుద్దముక్క ఉంటే చాలు.

ఇక వైద్యశాస్త్రం ఏమంటుందో చూద్దాం. 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం 75 ఏళ్ళు దాటిన 469 మందిని సుమారు ఐదేళ్ళ పాటు పరిశీలించింది. పటం మీద ఆడే ఆటలు, చదవడం, వాద్యం వాయించడం, నాట్యం అలవాటుగా ఉన్నవారిలో చిత్తవైకల్యం, అంటే డిమెన్షియా, తక్కువగా కనిపించింది. ఫ్రాన్స్‌లో 3,675 మందిని 20 సంవత్సరాలు గమనించి 2013లో ప్రకటించిన మరో అధ్యయనంలో, ఇటువంటి ఆటలు ఆడేవారికి ఆ ముప్పు 15 శాతం తక్కువని తేలింది. ఇక్కడ మీరు నన్ను నిలదీయాలి. ఆట వల్ల మెదడు నిలిచిందా, లేక మెదడు బాగున్నవారే ఆడగలిగారా? జబ్బు లోలోపల మొదలైనవారు ముందుగా మానుకునేది ఇటువంటి వ్యాపకాలనే. కాబట్టి పులిజూదం మతిమరుపును ఆపుతుందని నేను హామీ ఇవ్వను.

నేను దీనిని గట్టిగా సిఫారసు చేసేది మరో కారణంతో. ఈ ఆటకు ఎదురుగా ఒక మనిషి కూర్చోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు; దానితో ముడిపడిన మరణాలు ఏటా 8,71,000కు పైగా ఉంటాయని అంచనా. పిల్లలు చెన్నైకో, బెంగళూరుకో, అమెరికాకో వెళ్ళిపోయిన ఇళ్ళు మన ఊళ్ళలో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. అరుగులు పోయి ప్రహరీలు వచ్చాయి. సెల్‌ఫోనులో కూడా ఇటువంటి ఆటలు దొరుకుతాయని మనవడు చెబుతాడు. యంత్రంతో ఆడితే బుర్రకు పని దొరకవచ్చు. కానీ మీరు రెండు రోజులు రాకపోతే ఏమైందని అది మీ ఇంటికి వచ్చి చూడదు.

వినికిడి తగ్గినవారికి ఇందులో ప్రత్యేక లాభమున్నది. మర పడవల ఇంజన్ల హోరులో ఏళ్ళ తరబడి పనిచేసినవారికి చెవులు మందగించడం సహజం. నలుగురి మాటలు అందక, ప్రతిసారీ ‘ఆఁ?’ అనలేక వారు సభకు దూరమవుతారు. 2024 లాన్సెట్ కమిషన్ పేర్కొన్న 14 డిమెన్షియా కారకాలలో వినికిడి లోపమూ ఉంది, సామాజిక ఏకాంతమూ ఉంది. అటువంటివారు పరీక్ష చేయించుకుని వినికిడి యంత్రం పెట్టుకోవలసిందే. అయితే పటం ముందు కూర్చున్నవానికి మాట వినబడకపోయినా ఎత్తు కనబడుతుంది. సగం సంభాషణ వేళ్ళతోనే జరిగిపోతుంది.

తీరగ్రామాలకు సంబంధించి ఇంకొక మాట. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మర పడవల వేట నిషేధం. చేపల సంతతికి అది మేలే. ఒడ్డున ఉన్న మగవారి ఆరోగ్యానికి మాత్రం గడ్డుకాలం. వలలు బాగుచేసుకోగా మిగిలిన పొద్దంతా కొందరికి పేకాట, సాయంత్రానికి మద్యం. పేకాటలో డబ్బు చేరగానే స్నేహం పక్కకు తప్పుకుంటుంది. ఓడినవాడు రక్తపోటు మాత్రకు దాచిన సొమ్ము కూడా పెట్టేస్తాడు. పులిజూదం పేరులో జూదమున్నా పందెం అక్కరలేదు. పందెం పెట్టారంటే నా సిఫారసు అంతటితో రద్దు.

ఆడేవారు ఒకరినొకరు గమనించుకోవాలి. ఏళ్ళుగా పులులను చక్కగా నడిపినవాడు నియమాలు మరచిపోతున్నా, ఎవరి వంతో పోల్చుకోలేకపోతున్నా పరిహసించకండి. ఇంట్లోవారికంటే ముందు ఆ మార్పు మీకే కనిపించవచ్చు. థైరాయిడ్ మాంద్యం, బి12 లోపం, కుంగుబాటు, తలకు తగిలిన దెబ్బ తరువాత మెల్లగా పేరుకునే రక్తం, ఇవన్నీ మతిమరుపులా కనిపిస్తాయి. వీటికి చికిత్స ఉంది. ఆడుతుండగా ఉన్నట్టుండి మూతి వంకర పోయినా, గవ్వ చేతిలోంచి జారిపోయినా, మాట తడబడినా గడియారం చూసి సమయం గుర్తుంచుకుని, వెంటనే 108కి ఫోను చేయండి. పక్షవాతానికి రక్తపు గడ్డను కరిగించే మందు ఇవ్వాలంటే నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి.

మోకాళ్ళ నొప్పులున్నవారు నేలపై బాసింపట్టు వేయనక్కరలేదు, బల్ల మీదనే గీసుకోండి. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. ఆడవారిని పిలవడం మరువకండి. వామనగుంటలలో, అష్టాచెమ్మాలో వారి లెక్క ముందు మన లెక్క నిలవదు. భర్త పోయాక నలుగురిలోకి రావడానికి వారికి మనకంటే తక్కువ సాకులు దొరుకుతాయి.

పంచాయతీలు వ్యాయామ యంత్రాలకు, సిమెంటు బల్లలకు డబ్బు వెచ్చిస్తున్నాయి. సంతోషం. జువ్వలదిన్నె హార్బరులోను, మైపాడు తీరంలోను, మీ ఊరి రచ్చచెట్టు కింద ఉన్న బల్లల మీద పులిజూదం పటం గీయించమని మీ సర్పంచిని అడగండి. ఒక పెయింటు డబ్బా చాలు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చునేందుకు వీలుందో లేదో మాత్రం ముందు చూసుకోమనండి; ఆ బల్లలన్నీ రోడ్డు వైపే చూస్తుంటాయి.