కల యని తెలిసిన కల

తెల్లవారుజామున వచ్చిన కల నిజమగునని మన పెద్దలు చెప్పుదురు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగు ఇండ్లలో ఆ మాట విననివారుండరు. నిజమగునా కాదా యనునది అటుంచి, కల జరుగుచున్నంతసేపు అది నిజమువలె ఏల తోచునని ముందుగా అడుగవలసియున్నది. అందును, కలలోనే "ఇది కల" యని స్పష్టముగా తెలిసియుండగా కూడ అది చెదరక ఎదుట నిలుచుట మరింత విచిత్రము. ఇది ఎవరో యోగులకు మాత్రమే కలుగు అనుభవము కాదు. ఏబది సంవత్సరముల పరిశీలనలను క్రోడీకరించి 2016లో ప్రకటించిన లెక్క ప్రకారము, విచారింపబడినవారిలో నూటికి సుమారు 55 మందికి జీవితమున ఒక్కసారియైనను అట్టి కల వచ్చినది.

దీనిని మన వారపత్రికలో వ్రాయుటకు కారణము కలదు. మనవారి యింట ఒక బాలుడు, "కలలో అవ్వ కనిపించినది, అవ్వ పోయినదనియు, ఇది కల యనియు నాకు తెలియును, అయినను ఆమె చేయి పట్టుకొంటిని, నిజమైన చేయివలెనే యుండెను" అని చెప్పెను. ఒకరు నవ్విరి. ఒకరు అవ్వకు ఏదియో కోరిక మిగిలినదనిరి. మూడవనాడు వాని మెడలో తాయెత్తు వ్రేలాడుచుండెను. వాడు ఇప్పుడు తన కలలను ఎవరికిని చెప్పుటలేదు. నవ్వినవారును తాయెత్తు కట్టినవారును ఆ పిల్లవాడు చెప్పినదానిని చెవిని పెట్టలేదని నా అభిప్రాయము.

మన భాషకు సంబంధించినంతవరకు మిక్కిలి ప్రసిద్ధమైన కలయు తెల్లవారుజామున వచ్చినదే. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకు పోవుచు, విజయవాడలో కొన్ని దినములు నిలిచి, కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున ఆంధ్రవిష్ణువును సేవించి, అచట ఏకాదశి ఉపవాసము చేసిన రాత్రి నాలుగవ జామున స్వామి కలలో కనిపించి తెలుగున కావ్యము రచింపుమని ఆనతిచ్చెనని ఆముక్తమాల్యద అవతారికలో చెప్పుకొనెను. (కృష్ణగిరికి ఆ పేరు రాయలనుబట్టియే వచ్చినదని వాదించువారు మనలో కలరు. ఆ తగవు మరియొకనాడు చూచుకొందము.) కల జరుగుచుండగా అది కలయని తనకు తెలియునని రాయలు వ్రాయలేదు. జామును మాత్రము మరువక చెప్పెను.

ఆ జామునకు నేటి శాస్త్రమునందును విశేష మున్నది. నిద్రలో కనుగ్రుడ్లు వేగముగా కదలెడి దశ యొకటి కలదని 1953లో చికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనువారు ప్రకటించిరి. ఆ దశ రాత్రియందు పలుమార్లు వచ్చును. తెల్లవారుకొలది దాని నిడివి పెరుగును. స్పష్టమైన కలలు ఎక్కువగా అప్పుడే వచ్చును. ఆ వెంటనే మెలకువ వచ్చుటచే అవి జ్ఞాపకముండును. తెల్లవారుజాము కలకు మన యిండ్లలో గల గౌరవమునకు ఇదియే మూలమై యుండునని నాకు తోచుచున్నది.

ఆ దశలో దేహము సడలి కదలకుండును. కన్నులు మాత్రము కదలును. ఈ ఒక్క సందునుండియే లోపలి వార్త బయటికి వచ్చినది. 1975లో ఇంగ్లండునందలి హల్ విశ్వవిద్యాలయమున కీత్ హెర్న్ అను పరిశోధకునియెదుట నిద్రించిన అలన్ వర్స్‌లీ, తనకు కలయని తెలిసినంతనే ముందు చేసికొన్న ఏర్పాటు ప్రకారము కన్నులను ఎడమకును కుడికిని త్రిప్పి సంకేతమిచ్చెను. యంత్రము దానిని గీసినది. మనిషి నిద్రలోనే యుండెను. కొలది యేండ్లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డున స్టీఫెన్ లబెర్జ్ స్వతంత్రముగా అదియే నిరూపించెను. కలలో పది లెక్కించుటకు పట్టు కాలము మెలకువలో పట్టు కాలమునకు ఇంచుమించు సమానమని ఆయన చూపెను. గుంజీలు తీయుట వంటి పనులకు కలలో కొంత అధిక కాలము పట్టునని తరువాతివారు కనుగొనిరి.

నాకు అన్నిటికంటె నచ్చినది 2018లో లబెర్జ్ ప్రభృతులు ప్రకటించినది. బొటనవ్రేలితో గాలిలో సున్న చుట్టుచు, ఆ వ్రేలిని కంటితో వెంబడించవలెను. మెలకువలో కన్ను జారినట్లు నునుపుగా కదలును. కన్నులు మూసికొని ఊహించినచో తునుకలు తునుకలుగా గెంతును. కలయని తెలిసిన కలలో కన్ను ఎట్లు కదలెను? మెలకువలో వలెనే నునుపుగా కదలెను. అనగా అట్టి కల ఊహకు దగ్గర కాదు, చూపునకు దగ్గర. పిల్లవాడు "ఊహించినాడు" అనువారు దీనిని గమనింపవలెను.

నాకును అట్టి కలలు ఏటికి ఒకటి రెండు వచ్చుచుండును. ఒకనాటి కలలో మా అంగడి గల్లాపెట్టె వద్ద నాయన కూర్చుండెను. ఆయన గతించి పదకొండేండ్లయినదని ఆ క్షణముననే స్ఫురించుటచే అది కలయని తెలిసినది. తెలిసిన పిమ్మట తీరికగా చూచితిని. తక్కెడ పళ్లెము అంచున సొట్ట, గోనెల వాసన, చొక్కాజేబుమీది సిరామరక, అన్నియు నుండెను. భుజముమీద చేయి వేయగా వెచ్చగా నుండెను. నాకున్న తెలివి ఆ వెచ్చదనమును వీసమంతయు తగ్గింపలేదు. ఆవర్జా తెరచి ఒక మొత్తమును చదివితిని. చూపు మరల్చి తిరిగి చూచుసరికి అంకెలు మారియుండెను. వ్రాత నిలువకుండుట ఇట్టి కలలలో పలువురు గమనించిన సంగతియే. నాయన మాటలాడినది కన్నడము, తమిళము కలిసిన మన యింటి తెలుగే. అంగడి లెక్కలు ఇప్పుడు తమిళమునను ఇంగ్లీషునను నడచుచున్నవని ఆయనకు ఎవరును చెప్పినట్లు లేదు.

కలయని తెలిసినచో కల తొలగిపోవలెను గదా యని అనేకుల సందేహము. కొందరు ఆ సంబరముతోనే మేలుకొనుటయు కలదు. కాని నిలిచిన కలను గూర్చి చెప్పవలెనన్న మన వేదాంతుల దృష్టాంతములే చాలును. త్రాటిని పామనుకొన్నవాడు దీపము తెచ్చి చూచినచో పాము మరల కనిపింపదు. ఎండమావి అట్లు కాదు. వేసవి మిట్టమధ్యాహ్నము కృష్ణగిరినుండి శూళగిరి మీదుగా హోసూరికి వచ్చునప్పుడు రహదారిపై దూరమున నీరు మెరయుచుండును. నీరు లేదని లారీ నడపువానికి తెలియును. తెలిసినను మెరయును. తెలిసిన కల ఈ రెండవ జాతికి చెందినది. చూచునట్టి పని మెదడులో ఒకటి, ఇది నిజమా యని విచారించు పని మరియొకటి. రెండవది మేలుకొన్నంత మాత్రమున మొదటిది ఆగదు. కలలో పిడికిలి బిగించినప్పుడు మెదడునందు చేతికి సంబంధించిన భాగము పనిచేయుట 2011లో జర్మనీ పరిశోధకులు యంత్రముతో చూచిరి.

కడుపునిండ తిని పరుండినవాడు కలలో ఆకలిగొని అలమటించునని మాండూక్యకారికల భాష్యము చెప్పుచున్నది. ఆ ఆకలి ఆకలియే; అయినను వాని కడుపు నిండియే యున్నది. మనవారికి నేను చెప్పదలచినది ఇంతే. పిల్లవాడు అవ్వ చేతిని తాకిన అనుభవము నిజము. అవ్వ వచ్చినదనుట దానినుండి తేలదు. అనుభవమును కాదనరాదు, దానికి శాంతి చేయించనక్కరలేదు. మెలకువ వచ్చియు కాలుసేతులు కదలక, ఎదపై ఎవరో కూర్చున్నట్లు తోచుటను మనవారు దయ్యమందురు. అదియు దేహమును కదలనీయని నిద్ర ఇంకను విడువకపోవుటయే. తరచుగా బాధించినచో వైద్యునికి చూపవలెను గాని మంత్రగాని చేతిలో రూకలు పోయనేల?

ఇటీవల కొందరు యువకులు ఫోనులలో చూచి, ఇట్టి కలలను తెచ్చుకొనుటకు నడిరాత్రి గంట పెట్టుకొని లేచుచున్నారని వినుచున్నాను. ఉదయము పాఠశాలకో పనికో పోవలసినవారికి ఆ వ్యసనము తగదు. తామై వచ్చినవి చాలును.

అట్టి కల వచ్చినవారు, ఏ జామున వచ్చినది, చదివిన వ్రాత రెండవమారు చూచినప్పుడు నిలిచినదా, కలలోనివారు ఏ భాష మాటలాడిరి, ఈ మూడు సంగతులను తెలుగున ఒక కార్డుపై వ్రాసి సంఘ కార్యాలయమునకు పంపవలెనని కోరుచున్నాను. పేరు వ్రాయనక్కరలేదు. పిల్లలు వ్రాసినచో అక్షరదోషములను ఎవరును దిద్దరు.