ఆన్‌లైన్‌లో ఎందుకున్నావు?

మొన్న ఆదివారం పనిబడి కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్ళాను. అక్కడ వరసకు చెల్లెలయ్యే ఆమె ఇంట్లో భోజనం. ఆమె భర్త దుబాయిలో కట్టడాల పనిలో ఉన్నాడు. రోజూ రాత్రి ఫోనులో కనిపించి, కొడుకు చేత ఎక్కాలు ఒప్పజెప్పించుకుంటాడు. అయినా ఆమె ముఖం చిన్నబోయి ఉంది.

"ఏమైంది చెల్లె?" అన్నాను.

"రాత్రి పదకొండింటికి ఆన్‌లైన్‌ల ఎందుకున్నవని అడుగుతున్నడు, అన్నా. పిల్లగానికి జ్వరమొస్తే మా అక్కకు మెసేజ్ పెట్టిన. చెప్తే నమ్మడు."

అక్కడప్పుడు తొమ్మిదిన్నర. అతనూ ఫోను పట్టుకొనే ఉన్నాడన్నమాట!

మా ప్రాంతంవాళ్ళు గల్ఫుకు పోవడం ఈనాటిది కాదు. నా చిన్నతనంలో దుబాయి ఉత్తరం వస్తే, చదువు వచ్చినవాణ్ణని నన్ను పిలిచేవారు. అరుగు మీద కూర్చుని చదువుతుంటే వాడకట్టంతా చేరేది. భార్యకు వ్రాసిన వాక్యం దగ్గర నేను తడబడితే ముసలమ్మలు నవ్వేవారు. గుట్టన్నది లేదు, నిజమే. కాని జవాబు నెల ఆలస్యమైతే ఉత్తరం దారిలో ఉందనుకునేవారు. అప్పుడు అనుమానపు మొగుళ్ళు లేరని కాదు. వాళ్ళకు నిమిషాల లెక్క దొరికేది కాదు.

తరువాత ఎస్‌టీడీ బూతులు వచ్చాయి, పోయాయి. 2016లో కామారెడ్డి జిల్లా అయింది; జియో వచ్చి ఇంటర్నెట్ చౌకయిందీ ఆ ఏడే. దుబాయిలో వాట్సాప్ కాల్స్ ఏళ్ళ తరబడి సాగకపోతే మనవాళ్ళు ఐమో, బోటిమ్‌లను పట్టుకున్నారు.

క్రిస్టియన్ లికోప్ అనే ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త 2004లో ఇలాంటి మార్పును గురించే వ్రాశాడు. ఎప్పుడో ఒకప్పుడు తీరుబడిగా మాట్లాడి ఎడబాటును పూడ్చుకోవడం ఒక పద్ధతి. చిన్న చిన్న పలకరింపులతో రోజంతా తోడున్నట్టే ఉండటం మరొకటి. ఈ రెండోదానిలో దగ్గరకూ దూరానికీ మధ్య గీత చెరిగిపోతుందంటాడు. దానికి నేను చేర్చేది ఒకటే: పక్కనే ఉన్నట్టు అనిపించే మనిషికి మౌనానికి కూడా సంజాయిషీ చెప్పవలసి వస్తుంది.

అలాగని అతణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఆమెకు కనిపించేది అతని మంచం, వెనక గోడ, అంతే. పదిమంది సర్దుకునే గదిలో ఉండే మనిషికి తన ఇల్లనేది ఇప్పుడు ఆ ఫోనులోనే ఉంది కాబోలు.

"లాస్ట్ సీన్ కనబడకుంట చేసుకోవచ్చంట గద అన్నా?" అంది.

"చేసుకోవచ్చు. ఎందుకు దాచావని అడుగుతాడేమో!" అన్నాను. ఆపైన, తెలుగు మేష్టరు బుద్ధి గదా, "పోనీ, ఒక ఉత్తరం వ్రాయరాదూ?" అన్నాను.

"ఉత్తరమా! అది చేరేలోపల నూరుసార్లు అడుగుతడు," అని నవ్వింది.

అంతలో ఫోను మోగింది. ఆమె కొంగు సర్దుకుని, పిల్లవాణ్ణి ముందు కూర్చోబెట్టింది.