అమ్మకు బంగారం, బిడ్డకు వెక్కిరింపు

తల సరిగ్గా దువ్వుకోని ఆడపిల్లను మా హన్మకొండలో ఇప్పటికీ "ఏందే, కోయదాని లెక్క తయారైనవ్?" అంటుంటారు. అనేది ఎవరో కాదు. రెండేళ్లకోసారి మేడారం వెళ్లి అమ్మవారికి నిలువెత్తు బంగారం (బెల్లమే లెండి!) సమర్పించుకునే మనమే. సమ్మక్క, సారలమ్మ కోయ తల్లీబిడ్డలు. కరువులో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ సైన్యంతో పోరాడి ప్రాణాలిచ్చారని కథ. ఆ కాకతీయుల తోరణమేమో మన ఊరికి గుర్తు! చిలకలగుట్ట నుంచి కుంకుమభరిణె రూపంలో సమ్మక్కను గద్దెకు తెచ్చేదీ కోయ పూజారులే.

గద్దెల దాకా వెళ్లే మనం, దారిలోని కోయగూడేల్లో ఆడవాళ్లు ఎలా బతుకుతారో ఎప్పుడైనా అడిగామా? ఎండాకాలం మొదట్లో చీకటితోనే లేచి, రాలిన ఇప్పపువ్వు ఏరి ఎండబెట్టుకుంటారు. ఇప్పపువ్వు అనగానే మనకు సారాయే గుర్తొస్తుంది గానీ, దాన్ని ఉడికించుకు తింటారనీ, గింజల నుంచి నూనె తీస్తారనీ ఎందరికి తెలుసు? ఆ తర్వాత మండుటెండలో తునికాకు కోత. యాభై ఆకులకో కట్ట చొప్పున కట్టి కల్లానికి మోయాలి. ఇంత కష్టపడీ, పంట చేతికొస్తే కొత్త పండుగ చేసి వేల్పులకు పెట్టనిదే నోట పెట్టకపోవడం వాళ్ల ఆచారం.

పెళ్లిళ్ల సంగతి చూడండి. మన గోత్రాల్లాగే వాళ్లకు మూడో గట్టు, నాలుగో గట్టు అంటూ గట్లుంటాయి. ఒకే గట్టులో పిల్లనిచ్చి పుచ్చుకోరు. మగపెళ్లివారే ఆడపిల్లవారికి ఓలి ఇవ్వడం సంప్రదాయం. భర్త పోయిన స్త్రీ మళ్లీ పెళ్లాడితే తప్పు పట్టరు. అదే పని వీరేశలింగం గారు 1881లో రాజమండ్రిలో చేయించబోతే మనవాళ్లు ఎంత రభస చేశారు!

"ఓలి మాత్రం పిల్లకు వెల కట్టడం కాదా?" అని మా పక్కింటి లెక్చరరమ్మ వాదన. నిజమే, కాదనను. వాళ్ల బతుకు పూలపాన్పనీ అనను. కానీ 1961లోనే చట్టం వచ్చినా కట్నం చాలలేదని కోడళ్లను కాల్చిన ఇళ్లు మనవి. వాళ్లనా మనం అనాగరికులనేది?

ఇంట్లో కోయభాష, బళ్లో తెలుగు నేర్చుకుని, డిగ్రీ చదవడానికి మన ఊరి హాస్టళ్లకు వస్తున్నారు ఆ పిల్లలు. మనం మన పిల్లల మీద విసిరే ఆ మాట వాళ్ల చెవినా పడుతోంది.