చలికాలానికి ఇంకో రెండు ప్యానెళ్ళా? ఎందుకండీ?

"చలికాలం సార్, ఎండ చాలదు, ఇంకో రెండు ప్యానెళ్ళు వేయించుకోండి" అన్నాడు మొన్న సూరారంలో ఒక సోలార్ షాపాయన. అయ్యా, అది జర్మనీ లెక్క! డిసెంబరు మిట్టమధ్యాహ్నం బెర్లిన్‌లో సూర్యుడి ఎత్తు 14 డిగ్రీలు. మనకి 49. పైగా మబ్బులు తక్కువ, ఫ్యాన్లు, ఏసీలు బంద్. మన బ్యాటరీని ఏడిపించేది జులై, ఆగస్టు ముసురు.

గీజరు కోసమంటారా? 2 కిలోవాట్లది అరగంటలో ఒక యూనిట్ మింగేస్తుంది. దానికి బ్యాటరీలు పెంచేకన్నా సోలార్ వాటర్ హీటర్ నయం.

2024లో మొదలైన పీఎం సూర్యఘర్ సబ్సిడీ, 3 కిలోవాట్లకు 78,000 రూపాయలు, గ్రిడ్‌కి కలిపినవాళ్ళకే. మనం పెంచేదంతా సొంత జేబులోంచే.

ముందు ఉన్న ప్యానెళ్ళ దుమ్ము కడగండి, దక్షిణానికి ఇంకాస్త వాల్చండి. అప్పటికీ చాలకపోతే కొనుక్కోండి, నేనేమీ అనను.