మురిగిపోయేది ఎవరి ఓటు?

ఎన్నికలు దగ్గరపడితే చాలు, టీవీ చర్చల్లో పార్టీల ప్రతినిధుల నోట ఒకే పాట: "ఇండిపెండెంట్‌కి వేస్తే ఓటు మురిగిపోయినట్టే." ఒక పార్టీ ఆయన ఆ మాట అంటాడు, ఎదుటి పార్టీ ఆయన తలాడిస్తాడు. మిగతా అన్ని విషయాల్లో గొంతు చించుకుని కొట్లాడుకునే వాళ్లకు ఈ ఒక్క విషయంలో మాత్రం పేచీ ఉండదు. మర్నాటికల్లా అదే మాట టీ కొట్టు దగ్గర, బస్టాండులో, పెళ్లి భోజనాల దగ్గర వినిపిస్తుంది. ఒంటరివాడు సభలో ఏం చేస్తాడు, గెలిచినా వారం తిరక్కుండా అమ్ముడుపోతాడు అని. పార్టీలు తమ సౌకర్యం కోసం ఏళ్ల తరబడి పెంచి పోషించిన అబద్ధం ఇది. దీన్ని ఇంకా మోసుకు తిరగాల్సిన పని ఓటరుకు లేదు.

లోక్‌సభలో మొట్టమొదటి అవిశ్వాస తీర్మానం పెట్టింది ఏ పార్టీ నాయకుడూ కాదు. ఆచార్య కృపలానీ. 1963లో అమ్రోహా ఉపఎన్నికలో ఇండిపెండెంట్‌గా గెలిచి సభకు వచ్చారు. చైనా యుద్ధంలో దేశం దెబ్బతిని ఏడాది కూడా కాలేదు. ఎదురుగా ఉన్నది నెహ్రూ. ఆ ఆగస్టులో కృపలానీ తీర్మానంపై నాలుగు రోజులపాటు ఇరవై గంటలకు పైగా చర్చ సాగింది. పేదవాడి రోజు బతుకు మూడణాల మీద నడుస్తోందని లోహియా నెహ్రూను నిలదీసిన ప్రసిద్ధ ప్రసంగం ఆ చర్చలోదే. తీర్మానం 62–347 తేడాతో వీగిపోయింది. వీగిపోతుందని కృపలానీకి తెలియక కాదు. పదహారేళ్లుగా ఎదురులేకుండా సాగిన ప్రభుత్వం నాలుగు రోజులు కూర్చుని సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. ఇది ఓటు మురిగిపోవడమా? ఆ రోజు అమ్రోహా ఓటరు వేసిన ఓటుకు ఉన్నంత విలువ, ఈనాడు అధిష్ఠానం చెప్పినప్పుడల్లా చేయెత్తే సభ్యుణ్ణి పంపిన నియోజకవర్గం ఓటుకు ఉందా?

మనవాళ్లలోనూ ఉన్నారు. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' ఉద్యమంలో ముందు నిలిచిన తెన్నేటి విశ్వనాథం 1967లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లింది ఇండిపెండెంట్‌గానే. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ విశాఖ ఉక్కు కర్మాగారాన్ని ప్రకటించేనాటికి విశాఖ ఓటరు ప్రతినిధి ఆయనే. ఉక్కు ఆయన ఒక్కడి వల్లే వచ్చిందని ఎవరూ అనరు, ప్రాణాలిచ్చిన వాళ్లున్నారు. కానీ పార్టీ గుర్తు లేనివాణ్ణి పంపినందువల్ల విశాఖకు జరిగిన నష్టమేమిటో ఈ టీవీ మేధావులు చెప్పాలి.

ఇక అసలు సంగతికి రావాలి. సభలో సభ్యుడి ఓటు ఎవరిది? 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలో పదో షెడ్యూలు చేరింది. పార్టీ విప్ జారీ చేస్తే దాని ప్రకారమే ఓటు వెయ్యాలి. కాదని వేసినా, వెయ్యకుండా ఊరుకున్నా, పార్టీ పదిహేను రోజుల్లో క్షమించకపోతే సభ్యత్వం పోయే ప్రమాదం. ప్రభుత్వం పడిపోయే ఓటింగుకైతే సరే, అర్థం చేసుకోవచ్చు. కానీ విప్‌కు అలాంటి హద్దేమీ లేదు. ఏ బిల్లుకైనా ఇవ్వొచ్చు. లక్షల మంది ఓటర్లు కలిసి ఒకరిని ఢిల్లీకి పంపితే, అక్కడ ఆయన ఏ బటన్ నొక్కాలో ఇంకెవరో నిర్ణయిస్తారు. విప్ అంటని ఓటు ఆ సభలో ఎవరికైనా ఉందంటే అది ఇండిపెండెంట్‌కే. ఆ ఒక్కదాన్ని పట్టుకుని మురిగిపోయిన ఓటు అనడం ఎంత దుర్మార్గం!

ఓటు నమోదైనప్పుడు సంగతి ఇది. అసలు నమోదే కాకపోతే? డివిజన్ అడిగితే లాబీల్లో మూడున్నర నిమిషాలు గంట మోగుతుంది, తలుపులు మూస్తారు, సభ్యుడు తన సీటు దగ్గర ఆకుపచ్చో ఎరుపో పసుపుపచ్చో బటన్ నొక్కుతాడు. ఎవరు ఎటు వేశారో పేరుతో సహా రికార్డుకెక్కుతుంది. మన సభల్లో ఇది అరుదు. చట్టాలు ఎక్కువగా మూజువాణి ఓటుతోనే గట్టెక్కుతాయి. "అవునన్నవారు", "కాదన్నవారు" అని అడుగుతారు, అరుపులు వినిపిస్తాయి, బిల్లు పాసైందంటారు. ఎవరు అవునన్నారో ఎవరు కాదన్నారో కాగితం మీద ఉండదు. డివిజన్ అనవసరంగా అడిగారని స్పీకర్ అనుకుంటే సభ్యులను నిలబెట్టి తలలు లెక్కపెట్టించే వీలు కూడా లోక్‌సభ 367వ నిబంధనలో ఉంది. అప్పుడూ పేర్లు రాయరు.

2014 ఫిబ్రవరి 18 తెలుగువాళ్లు మర్చిపోయే రోజు కాదు. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు లోక్‌సభలో ఆ రోజే ఆమోదం పొందింది. టీవీ ప్రసారం ఆగిపోయింది. మూజువాణి ఓటుతో పని కానిచ్చేశారు. విభజన కావాలనుకున్న తెలంగాణవాడికీ వద్దనుకున్న ఆంధ్రావాడికీ సమానంగా జరిగిన అన్యాయం ఒకటుంది: తన ఎంపీ ఆ రోజు ఏ వైపు ఓటేశాడో చూపించే కాగితం ఈ దేశంలో ఎక్కడా లేదు. కొన్ని కోట్ల మంది జీవితాలను మార్చిన చట్టానికి పేర్ల పట్టిక లేదు! అలాంటి సభల్లో పార్టీ సభ్యుడి 'ఓటింగ్ రికార్డు' గురించి ఎవరైనా గొప్పగా మాట్లాడితే ఒళ్లు మండుతుంది.

అమ్ముడుపోతారన్న మాట చూద్దాం. 1967లో హర్యానాలో ఇండిపెండెంట్‌గా గెలిచి పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మారిన గయాలాల్ పేరు ప్రతివాడికీ నోటికి వస్తుంది. 'ఆయారాం గయారాం' అన్న మాట పుట్టిందే ఆయన వల్ల. ఆ తర్వాత ఏమైందో మాత్రం ఎవరూ చెప్పరు. పదో షెడ్యూలు ప్రకారం ఇండిపెండెంట్‌గా గెలిచినవాడు ఏ పార్టీలో చేరినా అనర్హుడే. మూడింట రెండొంతుల మంది కలిసి వెళ్తే దాన్ని 'విలీనం' అనే వెసులుబాటు పార్టీ సభ్యులకుంది, ఇండిపెండెంట్‌కు లేదు.

అదలా ఉంచి మన దగ్గర లెక్క చూడండి. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్ టికెట్‌పై గెలిచిన 23 మంది ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి వెళ్లారు, 2017లో వాళ్లలో నలుగురు మంత్రులయ్యారు. 2019 జూన్‌లో తెలంగాణలో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. 2023 ఎన్నికల్లో బీఆర్ఎస్ గుర్తు మీద గెలిచిన పదిమంది కాంగ్రెస్ వైపు వెళ్లారన్న ఫిర్యాదులపై మూడు నెలల్లో తేల్చమని 2025 జులైలో సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. 2008 జులై 22న మన్మోహన్ సింగ్ విశ్వాస పరీక్షలో విప్‌ను కాదని ఓటేసిన వాళ్లలో తెలుగుదేశం ఎంపీలు ఇద్దరున్నారు. వీళ్లందరూ బీ-ఫారం తీసుకుని గెలిచినవాళ్లే. ఇన్ని వందల కళ్ల ముందు ఇంత జరిగాక, అమ్ముడుపోవడమనే మచ్చను తీసుకెళ్లి ఇండిపెండెంట్ నెత్తిన రుద్దడానికి నోరెలా వస్తుంది? జార్ఖండ్‌లో ఇండిపెండెంట్‌గా ఉండి ముఖ్యమంత్రి అయిన మధు కోడా సంగతి తెస్తారు. ఆయన బొగ్గు కేసులో శిక్ష పడ్డవాడే. కానీ ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది పార్టీలే.

ఒక్కడి ఓటు ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే కెనడా దాకా వెళ్లాలి. బ్రిటిష్ కొలంబియాలోని సర్రీ నార్త్ సభ్యుడు చక్ క్యాడ్‌మన్. పదహారేళ్ల కొడుకును మరో కుర్రాడు వీధిలో పొడిచి చంపాక, బాలనేరస్థుల చట్టం మార్చాలని రాజకీయాల్లోకి వచ్చిన తండ్రి. 1997లో, 2000లో పార్టీ టికెట్‌పై గెలిచాడు. 2004లో పార్టీలోనే టికెట్ పోటీలో ఓడిపోయాడు. ఇండిపెండెంట్‌గా నిలబడి గెలిచాడు. అప్పటికే చర్మ క్యాన్సర్. 2005 మే 19న పాల్ మార్టిన్ ప్రభుత్వం బతకాలా చావాలా అన్నది బడ్జెట్ బిల్లు ఓటింగు మీద ఆధారపడింది. క్యాడ్‌మన్ పాత మిత్రులంతా ప్రభుత్వాన్ని కూల్చే పక్షంలో ఉన్నారు. ఆయన కీమోథెరపీ మధ్యలో దేశం ఈ కొస నుంచి ఆ కొసకు విమానంలో వచ్చి, ఇప్పుడు ఎన్నికలు వద్దని తన నియోజకవర్గం ప్రజలు కోరుకుంటున్నారని చెప్పి ప్రభుత్వం వైపు ఓటేశాడు. 152–152. స్పీకర్ పీటర్ మిల్లికెన్ నిర్ణాయక ఓటుతో ప్రభుత్వం నిలిచింది. రెండు నెలలు తిరక్కుండానే జులై 9న ఆయన చనిపోయాడు. ఆ ఓటు తప్పా ఒప్పా అని వాదించుకోవచ్చు. ఆయన పేరు, ఆయన ఓటు, ఆయన చెప్పిన కారణం మూడూ అక్కడి రికార్డుల్లో ఉన్నాయి కాబట్టే వాదించుకోగలం. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులు ప్రభుత్వం పడిపోయింది కూడా ఒక్క ఓటు తేడాతోనే. ఒక్కడి ఓటుకు విలువేమిటని తెలుగువాడు అడగడం మరీ అన్యాయం.

ఈ మధ్య ఎంపీలకు మార్కుల పట్టికలు వేసే సరదా ఒకటి పట్టుకుంది. హాజరు ఎంత శాతం, ఎన్ని ప్రశ్నలు, ఎన్ని ప్రసంగాలు. ఇండిపెండెంట్‌ మార్కులు తగ్గితే "చూశారా" అంటారు. చర్చలో సమయం పార్టీల సంఖ్యాబలాన్ని బట్టి పంచుతారు. ఒంటరి సభ్యుడికి దక్కేది రెండు మూడు నిమిషాలు, అదీ సభ ఖాళీ అయ్యాక. ప్రైవేటు బిల్లులకు శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర గంటలు. 1970 తర్వాత అలాంటి బిల్లు ఒక్కటి కూడా చట్టం కాలేదు. గడప దగ్గరే అడ్డుకుని లోపలికి రాలేదంటే ఎలా?

ఆ గడప కూడా ఎత్తు పెంచుతూనే ఉన్నారు. 1996లో ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన నల్లగొండ జనం లోక్‌సభ స్థానానికి 480 మంది అభ్యర్థులను నిలబెట్టారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. ప్రభుత్వం చేసిన పని డిపాజిట్‌ను 500 నుంచి 10 వేలకు పెంచడం. తర్వాత అది 25 వేలైంది. అయినా 2019లో నిజామాబాద్‌లో 178 మంది రైతులు పసుపు బోర్డు కోసం నామినేషన్లు వేశారు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. వాళ్లెవరూ గెలవలేదు. పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లోనే మొదలైంది. 1957 లోక్‌సభలో 42 మంది ఇండిపెండెంట్లున్నారు, 2019లో నలుగురు. జనం వద్దనుకున్నారు కాబట్టి తగ్గారట. తలుపు మూసిందెవరో ముందు చెప్పాలి.

చేయాల్సింది లేకపోలేదు. విప్‌ను విశ్వాస తీర్మానానికి, డబ్బు బిల్లులకు, అలాంటి కొద్దిపాటి సందర్భాలకే పరిమితం చేయాలని దినేశ్ గోస్వామి కమిటీ 1990లోనే చెప్పింది. దాన్ని ఏ ప్రభుత్వమూ ముట్టుకోలేదు. కనీసం బిల్లు ఆఖరి ఆమోదం దగ్గరైనా డివిజన్ తప్పనిసరి చెయ్యాలి. అసెంబ్లీల్లోనూ అంతే. సభ్యుడి పేరు, పక్కన అవునో కాదో అచ్చు వెయ్యాలి. దీనికి రాజ్యాంగ సవరణ కూడా అక్కర్లేదు, సభా నిబంధనలు మార్చుకుంటే చాలు. అది ఎలా చెయ్యాలి, ఎవరు మొదలుపెట్టాలి అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ఈసారి ఇంటికి ఓటడగడానికి వచ్చిన పార్టీ అభ్యర్థిని గత అయిదేళ్లలో ఏ బిల్లుకు ఏ వైపు ఓటేశారని అడగండి. ఇండిపెండెంట్‌ని కూడా అదే అడగండి.