పిల్లికూతలు వాతావరణం వల్లేనా?

బెంగళూరులో ఉన్న మనవాళ్లు "ఇక్కడి చలి పిల్లలకు పడదు" అంటారు. చెన్నైలో సముద్రపు తేమ అంటారు. షోలాపూర్‌లో దుమ్ము అంటారు. ఊరు ఏదైనా తప్పు మాత్రం వాతావరణం మీదికే పోతుంది. పొద్దున్నే వరసగా తుమ్ములు, ముక్కు దురద, నోటితో గాలి పీల్చడం, నడిరాత్రి లేపి కూర్చోబెట్టే పొడి దగ్గు, ఛాతీలో పిల్లికూతలు: ఇవి చాలామంది పిల్లల్లో కలిసే ఉంటాయి. ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా ఉన్నది ఒకే దారి కదా. ముక్కు అలెర్జీని "రొంపేలే" అని వదిలేస్తే ఆస్తమా అదుపులోకి రావడం కష్టమవుతుంది.

వాతావరణమే కారణమైతే బెంగళూరు లెక్కలకు అర్థం చెప్పలేం. పిల్లల వైద్యుడు డాక్టర్ హెచ్. పరమేశ్ తమ ఆసుపత్రికి వచ్చిన పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. 1979లో వారిలో 9 శాతం మందికి ఆస్తమా ఉండగా, 1999 నాటికి అది 29.5 శాతానికి చేరింది. ఆసుపత్రికి వచ్చినవారి లెక్క కనుక ఊరంతటికీ ఇదే అనుకోకూడదు. అయినా ఆ ఇరవై ఏళ్లలో చలి మూడింతలు కాలేదు. పెరిగింది వాహనాలు, పొగ, ఇరుకు.

ఆయనే 12 బడుల్లో 6,550 మంది పిల్లలను కూడా పరిశీలించారు. మనం ఎక్కువగా ఆలోచించాల్సింది దీని గురించే. వాహనాల రద్దీ తక్కువగా ఉన్న చోట బడి పిల్లల్లో 11.15 శాతం మందికి ఆస్తమా ఉంది. రద్దీ ఎక్కువగా ఉన్న చోట 19.34 శాతం. అదే రద్దీలో ఉంటూ పేద కుటుంబాల నుంచి వచ్చిన పిల్లల్లో 31.14 శాతం. రోడ్డు అదే, పొగ అదే. మరి పేద పిల్లలకు అదనంగా తోడైనది ఏమిటి?

ఇంట్లో చూద్దాం. గాలి ఆడని గదిలో నెమ్ము పట్టిన గోడకు బూజు వస్తుంది. దాని విత్తనాలు కంటికి కనబడకుండా గాలిలో తేలుతాయి. పాత పరుపుల్లో, దిండ్లలో ధూళి పురుగులు పెరుగుతాయి, వాటి రెట్టలే అలెర్జీకి మూలం. బొద్దింకల సంగతీ అంతే. డ్రైనేజీ పక్కన ఒక్క గదిలో వంటా పడకా సాగించే తల్లిని "ఇల్లు శుభ్రంగా ఉంచుకోమ్మా" అని మందలించి పంపే వైద్యులున్నారు. ఆమె ఎంత తుడిచినా డ్రైనేజీ కదలదు. దోమల కోసం కాయిల్ వెలిగిస్తే మరో బాధ. చైనా, మలేసియా కాయిల్స్‌పై 2003లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, ఒక కాయిల్ వదిలే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళికి సమానం. వలే మేలు. షోలాపూర్‌లో మన తెలుగు అక్కచెల్లెళ్లు ఎందరో ఇంట్లోనే బీడీలు చుడతారు. ఆ పొగాకు ధూళి పక్కనే పిల్లలు హోంవర్కు చేసుకుంటారు, అక్కడే నిద్రపోతారు.

చెన్నై, బెంగళూరు వీధులు ఊడ్చేవారిలో తరతరాలుగా తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఊరి చెత్త ఎత్తేవారికే చెత్త దగ్గర ఇల్లు దొరుకుతుంది. ఉత్తర చెన్నైలోని కొడుంగైయూర్ డంపు అంటుకున్నప్పుడు ఆ పొగ ముందు ఎవరి కిటికీల్లోకి వెళుతుందో చెప్పనక్కర లేదు. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. లారీ రాక ఆకుల కుప్పకు నిప్పుపెట్టిన ఊడ్చే మనిషి మీద ఆ జరిమానా పడితే న్యాయం జరిగినట్టు కాదు. లారీ పంపనివారిని అడగాలి.

ఖాళీ స్థలాల్లో తెల్లగా పూసే వయ్యారిభామ సంగతి యువతకు చెప్పాలి. 1950లలో పుణెలో గుర్తించాక దేశమంతా పాకిన కలుపు ఇది. దీని పుప్పొడి తుమ్ములు, ఉబ్బసం తెస్తుంది, తాకితే చర్మం దద్దురు లేస్తుంది. పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని పీకాలి. ఉబ్బసం ఉన్నవారిని ఆ పనికి పిలవొద్దు.

ఇక మందు. "ఇన్‌హేలర్ అలవాటైపోతుంది" అన్న భయం మన ఇళ్లలో చాలా గట్టిది. సాల్బుటమాల్ మాత్రలో 2 లేదా 4 మిల్లీగ్రాముల మందు ఉంటే, ఇన్‌హేలర్ ఒక్కసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు, అంటే మాత్రలో ఇరవయ్యో వంతో నలభయ్యో వంతో. అది నేరుగా ఊపిరితిత్తులకే వెళుతుంది. ఈ లెక్క తెలిసినవారు మాత్ర అడగరు. మృగశిర కార్తె నాడు చేప మందు కోసం పక్క రాష్ట్రాల నుంచి కూడా హైదరాబాద్ వెళతారు. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందనడానికి శాస్త్రీయ రుజువు లేదు. వెళ్లేవారిని ఎగతాళి చేయడం మా ఉద్దేశం కాదు, డాక్టరు రాసిన మందు ఆపొద్దు అన్నదే మా మాట. ప్రార్థన చేయించుకున్నాక ఇన్‌హేలర్ పారేసేవారికీ ఇదే చెబుతున్నాం. ఆడపిల్లకు ఆస్తమా అని తెలిస్తే సంబంధాలు రావని దాచిపెట్టే ఇళ్లలో ఆ పిల్ల నలుగురిలో ఉన్నప్పుడు ఆయాసం వచ్చినా ఇన్‌హేలర్ బయటికి తీయదు.

అవసరమైన మందుల జాతీయ జాబితాలో సాల్బుటమాల్, బుడెసొనైడ్ ఇన్‌హేలర్లు రెండూ ఉన్నాయి. మీ వార్డు ప్రభుత్వ ఆసుపత్రిలో అవి ఉన్నాయో లేదో యువజన సంఘాలు ఈ నెలలోనే వెళ్లి అడగండి. లేవంటే ఆ మాట రాతలో తీసుకోండి. సండే స్కూల్ టీచర్లకు ఒక మనవి: మీ తరగతిలో ఏ పిల్లకు ఇన్‌హేలర్ ఉందో, అది ఏ సంచిలో ఉందో వచ్చే ఆదివారమే కనుక్కోండి.